ఎండ కోసం

ఆక్లాండ్ నుంచి లాక్లన్ అనే అతను జలపాతాల ఫొటోలు తీస్తానని, కొండల మధ్యకి సముద్రం చొచ్చుకొచ్చిన మా ఫియోర్డ్‌కొచ్చి నా పడవెక్కాడు. వాన ఆగకుండా కురుస్తోంది. రెండువైపులా కొండల మీంచి వందల జలపాతాలు దూకుతున్నాయి. ఈయన మాత్రం కెమెరా తడుస్తుందని లోపల కూర్చుని, నా టీ తాగుతూ వానను తిడుతున్నాడు.

“ఇప్పుడే తియ్యి నాయనా,” అన్నాను.

“ఎండ రానివ్వండి కెప్టెనమ్మా!”

మర్నాడు ఎండ వచ్చింది. కెమెరాతో బయటికి పరిగెత్తాడు. ఎదురుగా ఉత్త నల్లటి కొండలు.

“జలపాతాలేవి?”

“వానతో వచ్చాయి, వానతోనే పోయాయి. తిట్టింది నువ్వేగా!”

వాన లేకపోయేసరికి కుట్టే ఈగలు ముసిరాయి. మెడ గోక్కుంటూ, “మళ్లీ వాన ఎప్పుడు?” అన్నాడు.

నేను ఉతికిన దుప్పట్లు తెచ్చి తాడు మీద ఆరేశాను.

“ఇవి ఆరేలోపు వస్తుంది. ఇంతవరకూ ఒక్కసారీ ఆరనివ్వలేదు.”