చూపుతో ఏరిన ముత్యాలు

ఆ రత్నాల పరిశోధనశాలలో ఎవరి మాటకైనా ఎదురు చెప్పవచ్చు కానీ, ఒక ట్రేకి మాత్రం ఎదురు చెప్పడానికి లేదు. నల్ల వెల్వెట్ పరిచిన చెక్క ట్రే అది. అందులో అరవై గుంటలు, గుంటకో ముత్యం, గుంట పక్కన తెల్ల సిరాతో నంబరు. ముత్యం మీద నంబరు వెయ్యడానికి వీల్లేదు, రంగు అంటితే ఇక అది పరీక్షకు పనికిరాదు. కాబట్టి ఏ ముత్యం ఏదో చెప్పేది అది కూర్చున్న గుంటే. ముప్పై ఏళ్ల కిందట గురువుగారు రెండేళ్లు పడవల మీద తిరిగి, తన కళ్లముందే చిప్పలు తెరిపించి ఏరి తెచ్చిన సహజ ముత్యాలవి. శాలకు వచ్చే ముత్యం సహజమా, లేక చిప్పలో చిన్న కండముక్క పెట్టి మనిషి పెంచిన కల్చర్డ్ ముత్యమా అని తేల్చడం అక్కడివాళ్ల పని. ఆ తేడా పట్టడం నేర్చుకోవడానికి పక్కనే రెండో ట్రే ఉండేది, అందులో అరవై కల్చర్డ్ ముత్యాలు. రెండు ట్రేలూ ముందేసుకుని నెలల తరబడి చూస్తూ కూర్చోవడమే అక్కడి చదువు.

డాక్టరమ్మకు చూపు కుదిరింది ఆ ట్రేల ముందే. పరిశోధన పట్టా ఉంది కాబట్టి శాలలో ఆమెను అందరూ డాక్టరమ్మ అనేవారు. ఇంట్లో మొగుడూ అలాగే పిలిచేవాడు, కాకపోతే అతని పిలుపులో కాస్త వెటకారం కలిసేది. తొమ్మిదేళ్లుగా ఆమె ఒక్క పని మీదే కూర్చుంది. ముత్యాన్ని ఎక్స్-రే యంత్రంలో పెట్టి నెమ్మదిగా తిప్పితే లోపల ఉల్లిపాయకున్నట్టు పొరలు కనిపిస్తాయి. ఆ పొరల మందాన్నీ, వాటిలో లేశమాత్రంగా ఉండే లోహాలనూ కలిపి లెక్కగట్టి ఒక అంకె రాబట్టే పద్ధతి కనిపెట్టింది. అంకె గీతకు పైన ఉంటే సహజం, కింద ఉంటే కల్చర్డ్. మనిషి కంటికి అలుపు ఉంటుంది, మొహమాటం ఉంటుంది, యంత్రానికి ఆ రెండూ లేవని ఆమె వాదన.

పద్ధతికి అసలు పరీక్ష ఆ మొదటి ట్రే. అరవైకి అరవై గీతకు పైన రావాలి. నలభై ఒకటి వచ్చాయి. పందొమ్మిది కిందికి పోయాయి.

ఇంకెవరైనా అయితే ట్రేని అనుమానించేవారేమో, ఆమె తననే అనుమానించుకుంది. రెండో ట్రే జోలికి పోకుండా మొదటిదాని దగ్గరే ఆగిపోయింది. యంత్రం విప్పించింది, బిగించింది, లెక్కలన్నీ తిరగరాసింది, కళ్లలో వత్తులు వేసుకుని రెండేళ్లు కూర్చుంది. ఆ పందొమ్మిదీ ఉన్నచోటి నుంచి ఇసుమంత కూడా జరగలేదు. చివరికి డైరెక్టరు విసిగిపోయి కమిటీకి ఒక బుధవారం తేదీ వేశాడు. ఆ రోజు పద్ధతిని ఆమోదించడమో, పని మూసేసి యంత్రాన్ని వజ్రాల విభాగానికి తోలెయ్యడమో తేలిపోవాలి. వజ్రాలవాళ్లకు అప్పటికే మూడు యంత్రాలున్నాయి. అయినా నాలుగోదాని కోసం గోతికాడ నక్కల్లా కాచుకుని కూర్చున్నారు.

కమిటీకి పది రోజుల ముందు, ఏం చెయ్యాలో పాలుపోక, ఆమె సామాన్ల గదిలో గురువుగారి పాత పెట్టెలు తిరగేసింది. ముత్యాలు దొరికిన నీటి లోతు తెలిస్తే లోహాల తేడాకు కారణం తెలుస్తుందేమోనని ఆశ. పుస్తకం దొరికింది. ఉప్పునీళ్లకు ఉబ్బిపోయి ఉంది. గురువుగారి చేతిరాతలో నంబరు వారీగా చోటు, తేదీ, లోతు, వాటి పక్కన బరువు. బరువులు రాసిపెట్టారన్న సంగతి ఆమె ఎన్నడూ వినలేదు. చూద్దాంలే అని మొదటి ముత్యాన్ని తూచింది. వెంట్రుకవాసి తేడా లేదు. రెండోదీ అంతే. మూడోది సరిపోలేదు.

మధ్యాహ్నానికి అరవై తూచడం అయింది. యంత్రం సహజమన్న నలభై ఒకటీ పుస్తకంతో అచ్చంగా సరిపోయాయి. యంత్రం కిందికి తోసిన పందొమ్మిదిలో ఒక్కటీ సరిపోలేదు. ఆమె రెండో ట్రేని దగ్గరికి లాక్కుని అదీ తూచింది. తప్పిపోయిన పందొమ్మిది బరువులూ అక్కడ, కల్చర్డ్ ముత్యాల మధ్య, కుదురుగా కూర్చుని ఉన్నాయి. సాయంత్రంలోపు ఆ ట్రేని యంత్రంలో కూడా పెట్టి చూసింది. యంత్రం సరిగ్గా ఆ పందొమ్మిదినే సహజమంది.

తొమ్మిదేళ్ల పని నిలబడింది, ఎగిరి గంతెయ్యాలి. ఆమె మాత్రం సరిపోని నంబర్ల పట్టీని మళ్లీ మొదటి నుంచి చదివింది. ఆ పందొమ్మిదిలో పదిహేడో నంబరు ఉంది.

పదిహేడంటే ఆమె మొగుడు. ఇద్దరూ ఒకే ఏడాది శాలలో శిక్షణకు చేరారు. ఏడాది చివర గురువుగారు పరీక్ష పెట్టేవారు, ఒక్కొక్కరినే లోపలికి పిలిచి, ట్రేల నుంచి పది ముత్యాలు తీసి ముందు పోసి ఏది ఏదో చెప్పమనేవారు. అతను తొమ్మిది సరిగ్గా చెప్పి, పదిహేడో నంబరును కల్చర్డ్ అన్నాడు. మళ్లీ చూడమన్నారు. చూసి అదే అన్నాడు. మూడోసారీ అదే అన్నాడు. గురువుగారు కాగితం మీద ‘చూపు లేదు’ అని రెండు ముక్కలు రాసి పంపేశారు. ఆ తర్వాత అతను కళ్లద్దాల పని నేర్చుకుని, ఇంటి ముందుగదిలో అద్దాలు సానపడుతూ స్థిరపడ్డాడు. చూపు లేదనిపించుకున్నవాడు పదిమందికీ చూపు సరిచేస్తున్నాడని చుట్టాలకు ఒకటే కాలక్షేపం. బావమరుదులు అతన్ని ‘పదిహేడు’ అనే పిలిచేవారు. ‘పదిహేడుగారూ, ఈ నిమ్మకాయ సహజమేనంటారా?’ అని వడ్డిస్తూ అడిగేది వదినగారు. అతనూ నవ్వేవాడు. డాక్టరమ్మా నవ్వేది. ఇరవై రెండేళ్లుగా నవ్వుతూనే ఉంది.

మర్నాడు ఆమె పుస్తకం సంచిలో పెట్టుకుని గురువుగారింటికి వెళ్లింది. ఆయన రిటైరై ఆరేళ్లయినా కమిటీలో కుర్చీ మాత్రం వదల్లేదు. వంటింటి బల్ల ముందు కూర్చుని కత్తెరతో మందుబిళ్లల అట్టలు కత్తిరించుకుంటున్నారు. పుస్తకం చూడగానే కత్తెర ఆగింది.

“తూచావా అమ్మాయ్?”

“తూచాను గురువుగారూ.”

“ఎన్ని తప్పాయి?”

“పందొమ్మిది.”

“నాలుగో అయిదో ఉంటాయనుకున్నాను,” అన్నారాయన.

దాచలేదు, ఆ ఒక్కటీ ఒప్పుకోవాలి. ఇరవై నాలుగేళ్ల కిందట ట్రేలు రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టుకుని మోసుకొస్తుంటే గడప తగిలి నూటఇరవై ముత్యాలూ గదినిండా దొర్లాయి. మర్నాడు పొద్దున్నే వేరే శాలలవాళ్లు ట్రే చూడ్డానికి వస్తున్నారు. ఒక్కొక్కటీ తూచి సర్దాలంటే పూర్తిగా ఒక రోజు కావాలి.

“అయినా తూచడమేంటి అనిపించింది. నేను ఏరిన ముత్యాలు నాకు తెలియవా? తలుపేసుకుని రెండు గంటల్లో కంటితోనే సర్దేశాను. తర్వాత తూచి చూసుకుందామని ఎన్నిసార్లు అనుకున్నానో. తప్పు బయటపడితే ఏం చెయ్యాలో తెలియక తూచలేదు.”

కంటిచూపు నమ్మదగిందో కాదో తేల్చడానికి పెట్టుకున్న ట్రేని ఆయన ఆ కంటిచూపుతోనే సర్దారు. ఆ తర్వాత ఊళ్లో వాళ్ల కళ్లన్నీ ఆ ట్రేతో దిద్దారు. ఇంతకంటే పెద్ద తప్పు చెయ్యాలంటే ఆయనంత పెద్ద నిపుణుడే కావాలి.

“మరి మా ఆయన,” అంది ఆమె.

“తెలుసు. మూడోసారి కూడా అదే అన్నాడే, అప్పుడు నాకు చెమటలు పట్టాయి. అందుకే అంత గట్టిగా రాసి పంపేశాను.”

ఆ మాటకు ఆ పుస్తకం ఆయన మొహాన కొట్టి ఉండాల్సింది. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని కూర్చుంది. ఆయన చెయ్యి చాపారు.

“బుధవారం నేనే చెప్తాను. పుస్తకం నాకివ్వు. నువ్వు చెప్తే శిష్యురాలు గురువును బజారుకీడ్చింది అంటారు. నా నోటితో నేను చెప్పుకుంటే నీకూ మర్యాద, నాకూ కాస్త మిగులుతుంది.”

ఇచ్చేముందు పేజీలకు ఫోటో తీసుకుందామా అని ఒక్క క్షణం అనిపించింది, ఫోను చేతిలోనే ఉంది. ఆయన ఎదురుగా అలా చేస్తే ఆయన్ని దొంగను చేసినట్టే కదా అని మానేసింది. రెండు చేతులతో పుస్తకం అందించి ఇంటికి వచ్చింది.

అతను ముందుగదిలో ఒక అద్దాన్ని కిటికీ వెలుగుకు పట్టి చూస్తున్నాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు.

“అంటే అది కల్చర్డే,” అన్నాడు. అద్దాన్ని కిందికి దించి, “కల్చర్డేనా?” అని మళ్లీ అడిగాడు.

“కల్చర్డే.”

“పనివాళ్లందరూ అద్దాన్ని ఒకసారే కొలుస్తారు తెలుసా. నేను మూడుసార్లు కొలుస్తాను. నా కన్నంటే నాకు నమ్మకం లేక.” అద్దాన్ని గుడ్డలో చుట్టి పెట్టాడు. “పుస్తకం ఏది?”

“ఆయనకిచ్చాను. కమిటీలో తనే చెప్తానన్నారు.”

“చేతిలో ఉన్నదాన్ని తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టొచ్చావా?”

“మాటిచ్చారు.”

అతను పెదవి విరిచి మళ్లీ పనిలో పడ్డాడు. కానీ ఆ వారమంతా మనిషి మారిపోయాడు. పని చేస్తూ కూనిరాగాలు తీశాడు. వదినగారు ఫోనులో ఎప్పటిలాగే ‘పదిహేడుగారూ’ అంటే, “బుధవారం దాకా పిలుచుకోండి,” అన్నాడు. బుధవారం దుకాణం మూసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆమెతోపాటు శాలకు వచ్చి వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. ఇరవై రెండేళ్ల తర్వాత ఆ గుమ్మం తొక్కడం అదే మొదలు.

లోపల అంతా తిన్నగానే మొదలైంది. డైరెక్టరు అభిప్రాయం అడగ్గానే గురువుగారు గొంతు సవరించుకున్నారు.

“అమ్మాయి కష్టజీవి. అందులో సందేహం లేదు. కాకపోతే యంత్రానికి ఇంకా అనుభవం రావాలి. గీతను కొంచెం కిందికి జరిపితే ట్రేతో సరిపోతుందని నా ఉద్దేశం.”

“గురువుగారూ, పుస్తకం,” అంది ఆమె.

“ఏ పుస్తకం తల్లీ?”

ఆయన మొహంలో రవ్వంత మార్పు లేదు. చేతులు మాత్రం బల్ల కింద ఉన్నాయి. ఆమెకు ఒళ్లు మండిపోయింది. ట్రేలు దొర్లడం, బరువులు, పందొమ్మిదీ, అన్నీ ఏకరువు పెట్టింది. తను తూచి రాసుకున్న కాగితం తీసి చూపించింది.

“ఇది మీ చేతిరాతే కదా మేడమ్,” అన్నాడు డైరెక్టరు.

“రెండో ట్రేని యంత్రంలో పెట్టి చూశాను సార్. సరిగ్గా ఆ పందొమ్మిదే సహజమని వచ్చాయి.”

“ఆ చెప్పేది కూడా మీ యంత్రమే.” అతను కాగితాన్ని మెల్లగా ఆమెవైపు తోశాడు. “ఈ ట్రేని నమ్మి ఇన్నేళ్లుగా రిపోర్టులు ఇచ్చాం. ఈ కాగితం పట్టుకుని వాటన్నిటినీ వెనక్కి పిలవమంటారా? గీత జరపండి. రెండో ట్రేతో పోల్చక్కర్లేదు, అది నేను చూసుకుంటాను. కుదరదంటే సోమవారం యంత్రం వజ్రాల విభాగానికి పోతుంది. మీ ఇష్టం.”

తలుపు అవతల బెంచీ మీద ఎవరున్నారో ఆమెకు తెలుసు. తెలిసే ఆలోచించింది. యంత్రం పోతే ఇక ఎప్పటికీ ఏదీ రుజువు కాదు, యంత్రం తన చేతిలో ఉంటే ఏదో ఒకనాడు అందరి కళ్లూ తెరిపించవచ్చు అనుకుంది. పిరికివాళ్లకు ఇలాంటి వాదనలు క్షణంలో దొరుకుతాయి.

“జరుపుతాను,” అంది.

వరండాలో అతను లేచి నిలబడ్డాడు. ఆమె మొహం చూసి, ఏమైందని అడక్కుండా ముందు నడిచాడు.

గీత జరపడానికి మూడు రోజులు పట్టింది. అరవైకి అరవై సహజమని తేలాయి, శాలలో చప్పట్లు కొట్టారు, డైరెక్టరు చెయ్యి కలిపాడు. పద్ధతి మీద రాసే వ్యాసంలో గురువుగారి పేరు ముందుంటుందన్నాడు. ఆమె తలూపింది. సోమవారం బయటి నుంచి మొదటి ముత్యం వచ్చింది. యంత్రంలో తిప్పితే నడిమధ్యలో నల్లటి సన్నని చీలిక, కండముక్క కుళ్లి ఖాళీ అయిన చోటు. మొదటి నెల శిక్షణలో ఉన్నవాళ్లు కూడా దాన్ని గుర్తుపడతారు. యంత్రం మాత్రం జరిపిన గీత ప్రకారం ‘సహజం’ అని రాసింది. దాని కింద ఆమె పూర్తి పేరుతో సంతకం పెట్టింది.

సాయంత్రం ఇంటికొచ్చి దాచకుండా అంతా చెప్పింది, సంతకంతో సహా. అతను అరవలేదు. అరిచి నాలుగు తిట్టి ఉంటే ఆమె ప్రాణం కాస్త కుదుటపడేది.

“ఒకటి అడుగుతాను,” అన్నాడు. “పరీక్ష రోజు నా తర్వాత లోపలికి వెళ్లింది నువ్వే. నీకూ ఆ ముత్యమే ఇచ్చారు కదా.”

“ఇచ్చారు.”

“నీకు ఎలా కనిపించింది?”

“సహజమని చెప్పాను.”

“చెప్పింది కాదు. కనిపించింది.”

ఇన్నేళ్ల కాపురంలో అతను ఆ మాట ఎన్నడూ అడగలేదు. ఆమె ఆ రోజు తలుపు బయట నిలబడి అతని జవాబు మూడుసార్లూ వింది. గురువుగారి గొంతు మారడమూ వింది. ఆ తర్వాతే లోపలికి వెళ్లి, ఆ ముత్యాన్ని వేళ్ల మధ్య పట్టుకుని చూసింది. ఇప్పుడు అబద్ధం చెబుదామనే నోరు తెరిచింది. అతను కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, ఆమె మొహంలోకే చూస్తున్నాడు.

“నీకు కనిపించినట్టే,” అంది.

“అప్పుడే చెప్పాల్సింది,” అన్నాడు అతను. “ఆయనకు కాదు. నాకు, ఇంటికొచ్చాక. నేను నా కళ్లదే తప్పనుకున్నాను.”

లోపలికి వెళ్లి తన దిండూ దుప్పటీ తెచ్చుకుని, పనిబల్ల పక్కన నేల మీద పక్క వేసుకున్నాడు.