చెయ్యేసినోళ్లదే కొమ్మ

కొమ్మ కొండమ్మ భుజం మీద పడింది.

పడేటప్పుడు ఆమె అరిచిందో లేదో ఎవరికీ తెలియదు. పెట్రోలు రంపం మోతలో ఏ అరుపూ వినబడదు. వికారాబాదు నుంచి తాండూరు పోయే రోడ్డు పక్కన, కరెంటు తీగల కింద, దిరిసెన చెట్టు చుట్టూ మేకలకు ఆకు కోసం ఆడవాళ్లు ముసిరి ఉన్నారు. పచ్చని ఆకు కింద నుంచి ఎర్రచీర కొంగు కనబడ్డాకే కొమ్మలు కోస్తున్న జహూర్ మిషను ఆపాడు.

హన్మమ్మ అందరికంటే ముందు ఉరికి, రెండు చేతులా కొమ్మను పక్కకు ఈడ్చింది. కొండమ్మ లేచి కూర్చుంది. నొసటి మీద చర్మం లేచి రక్తం కంట్లోకి కారుతోంది. కుడిచెయ్యి ఎత్తబోతే లేవలేదు. ఆ చేతిని ఎడమచేత్తో పట్టుకుని, ఎవరిదో చెయ్యి చూస్తున్నట్టు చూసుకుంది.

కంట్రాక్టరు పాండురంగం జీపు దిగి వచ్చాడు. "కండ్లు నెత్తికెక్కినయా? మీద పడంగ చూసుకోవద్దా?" అని కేకలేస్తూనే తన తువ్వాలు ఆమె తలకు కట్టించాడు. వికారాబాదు పోయే బస్సును ఆపి ఎక్కించి, టికెట్టు డబ్బులు కండక్టరుకు తనే ఇచ్చాడు. అందరూ చూసేటట్టు ఇచ్చాడు.

వెంట పోవడానికి ఒక్కతీ బస్సెక్కలేదు. పోతే ఆకు పోతుంది.

బస్సు మలుపు తిరిగాక హన్మమ్మ కిందికి చూసుకుంది. ఆమె చెయ్యి ఇంకా కొండమ్మ కొమ్మ మీదే ఉంది.

"హన్మక్కా, గది నీ ఇంటికి కొంచవోతవా?" జంగమ్మ నవ్వింది. "కొండి మేకలేం తినాలె మరి? సేటు తువ్వాలా?"

పడ్డ కొమ్మ మీద ఎవరు ముందు చెయ్యేస్తే వాళ్లది. వదిలితే ఇంకొకరిది. మగవాళ్లు గొడ్డళ్లతో చెట్టెక్కి కొట్టిన కాలం నుంచీ అదే రివాజు. అప్పుడు పైనున్నవాడు "జరుగుండ్రి" అని కేకేసేవాడు. గొడ్డలి చప్పుడు మారడం విని కింద వాళ్లకే తెలిసిపోయేది, కొమ్మ విరగబోతోందని. అంతవరకు కాచుకుని ఒక్కసారి ఉరికేవాళ్లు. ఈ ఎండాకాలం బీళ్లల్లో గడ్డిపోచ లేదు. హన్మమ్మ మేక రెండు పిల్లల్ని ఈని పాలు లేక నిలబడి ఉంది. ఆకు లేకుండా ఇంటికి పోతే ఆ పిల్లలు బతకవని ఆమెకు తెలుసు.

ఆమె చెయ్యి తీసేసి కొమ్మను గట్టు పక్కకు జరిపింది. "గిది కొండిది. ఎవలు ముట్టొద్దు" అని, జహూర్ దగ్గరికి పోయింది.

అతను పొడుగాటి ఇనుప కట్టెను చెట్టుకు ఆనించి కూర్చున్నాడు. కట్టె పై కొసన పళ్లగొలుసు, కింది కొసన ఇంజను.

"చెట్టెక్కి కొట్టినన్ని దినాలు ఎన్నడన్న గిట్లయిందా తమ్మీ? కేకేసెటోడివి గద!"

"ఇప్పుడు గూడ ఏస్తున్ననక్కా. నా కేక నాకే ఇనబడ్తలేదు." జహూర్ మొహం తుడుచుకున్నాడు. "మిషిని అమ్మినాయన బొంబాయి నుంచి వచ్చి చూపెట్టిండు. కట్టె ఎంత పొడుగో దానికి రెండింతల దూరంల ఎవ్వలుండొద్దన్నడు. కొమ్మను కొస నుంచి ముక్కలు ముక్కలు కొయ్యాలె. ముందుగాల కింది దిక్కు జర కోసి, అటెనుక పై నుంచి కొయ్యాలె, లేకుంటే చెట్టు తోలు చీలి కొమ్మ మీదికి ఊగుతది. నేను పైకి చూస్త గద, ఎవలన్న కిందికొస్తె నా ఎనుక నిలబడ్డ మనిషి భుజం తట్టాలె."

"ఏడి మరి గా మనిషి?"

"గాయనకు కూలి ఎవరిస్తరు? నెత్తికి టోపి గూడ ఇచ్చిండ్రు. సేటు నెత్తి మీదున్నది సూడు."

నిజమే. జీపు నీడలో పాండురంగం పసుపు పచ్చ గట్టి టోపీ పెట్టుకుని సిగరెట్ ముట్టిస్తున్నాడు.

ముక్కలు అనే మాట హన్మమ్మకు గుచ్చుకుంది. పొద్దున జహూర్ ముక్కలే కోశాడు. చిన్న ముక్కల మీద నలుగురి చేతులు పడి కొట్లాటయింది. "పిల్లితోకల లెక్క ఏంది గివి? నిండు కొమ్మ కొయ్యి" అని అరిచిన వాళ్లల్లో తనూ ఉంది. సేటు కూడా అదే అన్నాడు. నిండు కొమ్మ కోస్తే పని తొందరగా తెములుతుందని.

ఆమె జీపు దగ్గరికి పోయింది.

"సేటూ, కొమ్మ కొమ్మకు మిషిని ఆపమను. ఆపినంక మేమొస్తం."

"ఆపుడు, షురూ చేసుడు, గదేనా పని? నాలుగింటికి తీగల కరెంటిస్తరు. గప్పుడు ఇనుపకట్టె పట్టుకొని ఎవడు నిలవడ్తడు? మిషిని ఆగది. ఆకు గావాల్నంటె ఉరకాలె. లేకుంటె ఇండ్లల్ల పండుండ్రి. పిలిచిన్నా మిమ్ముల?"

పిలవలేదు. పొమ్మని కూడా అనలేదు. కిందటేడు ఇదే రోడ్డు మీద కొమ్మలు ఈడ్చి పారేయడానికి ఇద్దరు కూలీలు ఉండేవాళ్లు, రోజుకు ఎనిమిది రూపాయల మీద. ఈ ఏడు వాళ్లు లేరు. కొమ్మ పడీ పడకముందే ఆడవాళ్లు రోడ్డు ఊడ్చినట్టు చేస్తుంటే వాళ్లెందుకు? ఇంతసేపూ అది తనకెందుకు తట్టలేదా అని హన్మమ్మకు తన మీద తనకే మంటెత్తింది.

"ఇయ్యాల ఎవలు ఉరకొద్దు," తిరిగొచ్చి అంది. "అంత పడ్డంక, మిషిని ఆగినంక పంచుకుందం. కొండికి గూడ ఒక పాలు."

"ఎవలు పంచుతరు? నువ్వా?" జంగమ్మ లేచింది. "అది రక్తంల కూసున్నది, నువ్వు దాని కొమ్మ మీద చెయ్యెయ్యలే?"

"ఏసిన. సిగ్గులేక ఏసిన." హన్మమ్మ ఆ చేతినే ముందుకు చాపింది. "రేపు నా మీద పడితె నువ్వేస్తవు. ఎల్లుండి నీ మీద పడితె ఇంకోతి ఏస్తది. గదే గదనే మన రివాజు!"

జంగమ్మ ఉమ్మేసి, రోడ్డవతలికి పోయి కూర్చుంది. ఒక్కొక్కరే ఆమె పక్కన కూర్చున్నారు.

మిషను మోత మళ్లీ మొదలైంది. నిండు కొమ్మ రోడ్డుకు అడ్డంగా పడింది. ఆడవాళ్ల ఒళ్లు వాటంతటవే లేచాయి. హన్మమ్మ జంగమ్మ కొంగు పట్టి గుంజి కూర్చోబెట్టింది. ఇంకో కొమ్మ పడింది. లేతాకు ఎండలో వాడుతుంటే, అన్నం కుండ ఒలికిపోతుంటే చూస్తూ కూర్చున్నట్టుంది వాళ్లకు.

తాండూరు బండలు మోసుకొచ్చే లారీ వచ్చి ఆగింది. దాని వెనక బస్సు. హారన్లు మొదలయ్యాయి. పాండురంగం రమ్మని చెయ్యి ఊపాడు. ఎవరూ లేవలేదు. వాళ్ల తల్లుల్ని తిడుతూ తనే పోయి కొమ్మ పట్టి గుంజాడు. అది రెండో కొమ్మ కింద చిక్కుకుంది. అతను వంగి, గుంజుతూ గుంజుతూ చెట్టు కిందికి పోయాడు. జహూర్ కళ్లు పైన గొలుసు మీద ఉన్నాయి. రంపం పొట్టు టోపీ మీద రాలింది. పాండురంగం తల ఎత్తాడు. కొమ్మ సగం తెగి కిర్రుమంటూ ఊగుతోంది.

అతని నోరు తెరుచుకోవడమే కనబడింది. పడుతూ లేస్తూ బయటికి ఉరికొచ్చి, వెనక నుంచి జహూర్ భుజం మీద గుద్దాడు. మిషను ఆగింది.

హారన్లు కూడా ఒక్క క్షణం ఆగాయి.

"ఇప్పుడెట్ల ఆగింది సేటూ?" కూర్చున్నచోటి నుంచే అడిగింది హన్మమ్మ.

పాండురంగం చొక్కా దులుపుకున్నాడు.

"షురూ చెయ్," అన్నాడు జహూర్‌తో.

"నా ఎనుక మనిషిని నిలవెట్టు సేటూ."

"నువ్వు గూడ షురూ అయినవా? చెయ్యకుంటె రేపటి సంది రాకు. తాండూర్ల శానమంది ఉన్నరు."

జహూర్ ఇంజను మీదికి వంగాడు. మిషను షురూ చేసే తాడు పిడి మీద చెయ్యేశాడు. చెట్టు మీద సగం తెగిన కొమ్మ గాలికి ఊగుతోంది. అవతల ఆడవాళ్లందరూ అతని చెయ్యినే చూస్తున్నారు. లారీ డ్రైవరు మళ్లీ హారన్ కొట్టాడు.

అతను తాడు లాగలేదు.