కుడి అంచు పైన

ఖుర్రం భాయ్ వ్యాను బహ్రెయిన్‌లోని బుదైయాలో నన్ను ఎక్కించుకునేసరికి జుమ్మా నమాజు అయిపోయింది. ముందు సీట్లో ఆయన చెల్లెలు అస్మా కూర్చుంది. నేను వెనక, అట్టపెట్టెల మధ్య ఉన్న చిన్న సీట్లో సర్దుకున్నాను. మా ఇద్దరి జో కర్రలూ నా ఒళ్ళో అడ్డంగా ఉన్నాయి. జో అంటే చంక ఎత్తుండే నున్నటి కర్ర. ఐకిడో అనే జపాను యుద్ధవిద్యలో మేము మొదట పట్టిన ఆయుధం అదే.

"ఇగో సత్యా, నీకు సుత ముందే చెప్తున్న," అన్నాడు ఖుర్రం భాయ్, అద్దంలోంచి నన్ను చూస్తూ. "పోయినసారి దీని మణికట్టు నల్లగ కమిలింది. అమ్మీకి ఫోన్ల కనపడ్డది. ఈయాల నేనే కూసోని జూస్త. మొకం మీద ఒక్క దెబ్బ పడ్డా ఖలాస్. ఇంట్ల కూసుంటది."

"నువ్వు గట్ల గుడ్లు పెట్టి జూస్తే నా కర్రే కింద పడ్తది భాయ్," అంది అస్మా.

"పడితే ఇంక మంచిది. పని తక్వ."

అస్మా నవ్వింది కానీ, సీటు అంచుని గట్టిగా పట్టుకున్న ఆమె వేళ్ళు నాకు కనిపిస్తూనే ఉన్నాయి. హమద్ టౌన్‌లో అన్న ఫ్లాటులో వారమంతా నాలుగు గోడల మధ్య ఉండే మనిషి. శుక్రవారం ఈ క్లాసొక్కటే ఆమెకి బయటి గాలి.

మా శోభారాణి టీచరు మోకాలి ఆపరేషన్‌కి విశాఖపట్నం వెళ్ళినప్పుడు క్లాసు ఆగిపోయింది. ఆపరేషన్‌కి ముందు రోజు ఆమె ఫోను ఎదురుగా పెట్టుకుని, జంటగా చేసే వరుసలో కొట్టేవాళ్ళ భాగం, తప్పుకునేవాళ్ళ భాగం రెండూ తానే చేసి వీడియో పంపింది. "ఇది చూసి ఇళ్ళల్లో సాధన చెయ్యండి, నేను రాగానే పరీక్ష" అంది. ఆ పరీక్ష ఈ రోజే. నేను పనిచేసే ఇంట్లో పెద్దావిడకి ఒంట్లో బాగోక నా శుక్రవారాలు పోయాయి. అస్మాని కలవడమే కుదరలేదు. మేడ మీద నీళ్ళ ట్యాంకుల పక్కన, క్లిప్పుల బుట్టకి ఫోను ఆనించి, మాపు కర్రతో ఒక్కదాన్నే నేర్చుకున్నాను.

చాలా జాగ్రత్తగా నేర్చుకున్నాను. మా ఊరి బళ్ళో డ్రిల్లు మాస్టారు మాకు ఎదురుగా నిలబడి చెయ్యి ఎత్తితే, అందరం ఆయన చెయ్యి ఉన్న పక్కనే ఎత్తి, తప్పు చెయ్యి ఎత్తినందుకు తిట్లు తినేవాళ్ళం. ఎదురుగా ఉన్న మనిషి కుడి మన ఎడమ పక్కన కనిపిస్తుందని అప్పటినుంచీ తెలుసు. అందుకే టీచరు వేసిన ప్రతి అడుగునీ మనసులో తిప్పుకుని, ఆమె కుడి కాలు వేస్తే నేనూ కుడి కాలే వేశాను.

వ్యాను సిగ్నల్ దగ్గర ఆగింది. చివరిసారి చూసుకుందామని వీడియో తెరిచి, టీచరు వంగి నమస్కరించే చోట ఆపాను.

ఆమె తెల్ల చొక్కాలో కుడి అంచు పైన ఉంది.

మొదటి రోజు ఆమే చెప్పింది. ఒక అంచు మీద ఇంకో అంచు వేసి కట్టుకునే ఈ చొక్కాకి ఎడమ అంచే పైకి రావాలి, కుడి అంచు పైకి వస్తే జపానులో శవానికి తొడిగినట్టు అని. పొరపాటున అలాగే కట్టుకున్న అస్మాని అందరూ లేచిన శవమని ఏడిపించారు. టీచరు అలా కట్టుకోదు. అంటే ఫోను సెల్ఫీ కెమెరాతో తీసి, అద్దంలోలాగా తిప్పి చూపించింది. నేను కుడి అనుకున్నదంతా ఎడమ.

ఆ వరుసలో నా చివరి దెబ్బ తల మీదికి దిగుతుంది. కర్ర నా కుడి పక్కన దిగాలి, అస్మా నా ఎడమకి తప్పుకోవాలి. నేను నేర్చుకున్నట్టు కొడితే కర్ర ఎడమ పక్కన దిగుతుంది. అస్మా సరిగ్గా నేర్చుకుని ఉంటే దాని కిందికే వస్తుంది.

ఖుర్రం భాయ్ వింటుండగా ఏమని చెప్పను? హాలు వచ్చేదాకా ఫోను గుప్పిట్లోనే పట్టుకుని కూర్చున్నాను.

బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్ళగానే తలుపు వేసి అస్మాకి చూపించాను.

"వీడియో తిరగబడిందే. టీచరు చొక్కా చూడు. నువ్వెలా నేర్చుకున్నావు?"

"ఎట్లేంది? తెర మీద ఎటు దిక్కు కనపడ్తే అటే జేసిన. ఎడమ దిక్కు కాలేస్తే నా ఎడమ కాలు. అద్దంల జూసి జడేసుకున్నట్టు."

"అయితే నీదే సరి. నాదంతా తప్పు."

"యా అల్లా. పోనీ నేను మార్చుకోనా?" అంది.

"ఇప్పటికిప్పుడు మార్చుకుంటే నీకు గుర్తుండదు. పైగా తప్పని ఇద్దర్నీ పంపించేస్తారు. నేను మానేస్తానే. ఒంట్లో బాలేదని చెబుతాను."

"నువ్వు మానేస్తే నాకు జోడీ ఎవరు? భాయ్ ఇంకోసారి రాడు. ఇదే బహానా దొరికిందని బంద్ జేపిస్తడు."

"నీ మొహం మీద దిగితే?"

అస్మా తలకి కట్టుకున్న గుడ్డ బిగించుకుంది. "దిగనియ్యకు," అంది.

బయట మా పేర్లు పిలిచారు.

పరీక్ష పెట్టే పెద్దాయన బహ్రెయిన్ మనిషి, తెల్ల గడ్డం. ఆయన పక్కన టీచరు కుర్చీలో కాలు చాపుకుని కూర్చుంది. గోడ వారగా ఖుర్రం భాయ్ చేతులు కట్టుకుని ఉన్నాడు. వంగి నమస్కరించుకుని మొదలుపెట్టాం. ఎడమ, అనుకున్నాను. ఎడమ కాలు వేశాను. ప్రతి అడుగుకీ ముందు మనసులో ఆ మాట అనుకుని, ఆ తర్వాతే కదిలాను. చివరి దెబ్బ కుడి పక్కన దిగింది. అస్మా నా ఎడమకి తప్పుకుని, తన కర్ర కొనని నా ఛాతీ ముందు ఆపింది.

పెద్దాయన తల ఊపలేదు. చప్పట్లు కొట్టాడు. "యల్లా, యల్లా!"

"వేగంగా చెయ్యమంటున్నారమ్మా," అంది టీచరు. "నిద్రలో నడుస్తున్నట్టుంది సత్యా, నీ వరస."

మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి అనుకోవడానికి వ్యవధి లేదు. మొదటి అడుగు సరిగానే పడింది, రెండోదీ పడింది. తర్వాత అస్మా కర్ర దూసుకువచ్చింది, నా కర్ర దాన్ని తోసేసింది, మేడ మీద నేర్చుకున్న ఒళ్ళు నన్ను దాటి ముందుకి వెళ్ళిపోయింది. కర్ర తల మీదికి లేచాక తెలిసింది, అది ఎడమకే వెళుతోందని. దాని కిందికి అస్మా మొహం వస్తోంది. ఆమె కళ్ళు నా కళ్ళలోకే చూస్తున్నాయి. ఆమె ఆగలేదు.

ఆపడానికి టైము చాలదు. రెండు చేతులూ పక్కకి విసిరి కర్రని వదిలేశాను.

కర్ర అస్మా భుజం పక్క నుంచి ఎగిరిపోయి చాప చివర పడింది. ఛాతీ ముందు ఆగాల్సిన ఆమె కర్ర అడ్డొచ్చిన నా వేళ్ళకి తగిలింది. కళ్ళు బైర్లు కమ్మాయి. వెళ్ళి కర్ర తీసుకొచ్చి, వంగి నమస్కరించాను. ఖుర్రం భాయ్ లేచి నిలబడి ఉన్నాడు. ఆయన చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. అస్మా మొహం తెల్లబోయింది.

పెద్దాయన ఇంగ్లీషులో అన్నదాన్ని టీచరు తెలుగులో చెప్పింది. "అస్మా, నువ్వు గట్టెక్కావు. సత్యా, నువ్వు మళ్ళీ రావాలి. కర్ర జారిపోయింది, పైగా తప్పు పక్క. అసలు వీడియో చూశావా లేదా?"

నేను తల దించుకున్నాను. అస్మా ఊరుకోలేదు. "ఆమెనెందుకంటరు టీచర్? వీడియోల మీ అంగీ జూస్కోండ్రి!"

టీచరు ఫోను తీసుకుంది, చూసింది. అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యయ్యో. నన్ను నేనే పాడె ఎక్కించుకున్నానే!" ఆ తర్వాత నా వేళ్ళు చూసి నవ్వు మానేసింది.

మేము మెట్లు దిగేసరికి ఖుర్రం భాయ్ ఎదురుగా ఉన్న కోల్డ్ స్టోర్ కిరాణా కొట్టు నుంచి వస్తున్నాడు. చల్లటి నీళ్ళ సీసా నా చేతికిచ్చి, "ఒత్తి పట్టుకో చెల్లె," అన్నాడు. ఎక్కి కూర్చున్నాం, వ్యాను కదిలింది.

"భాయ్," అంది అస్మా. "చెప్పరాదు ఏదున్నా."

"ఏం జెప్పాలె? కర్ర నీ మొకం కాడికొచ్చింది. నేను జూసిన."

"తగల్లేదు కదా. జారిపోయింది."

"జారలే." ఆయన అద్దంలోంచి నన్ను చూశాడు. "రోజంత సామాను ఎత్తి దించేటోన్ని. చెయ్యికెళ్లి జారేదేందో, కావాలని ఇడిసేదేందో నాకు తెల్వదా?"

నేను సీసాని వేళ్ళకి ఇంకా గట్టిగా ఒత్తుకున్నాను.

"ఇగో, ఇను," అన్నాడు అస్మాతో. "పోతే ఈ పోరితోనే జెయ్యి. వేరేటోళ్లతోని వద్దు. అమ్మీకి నేను జెప్పుకుంట."

అస్మా కిటికీ వైపు తిరిగి ముక్కు తుడుచుకుంది. కాసేపటికి వెనక్కి తిరిగి, "ఏమే, శవమా," అంది. "మొదటికెళ్లి నేర్సుకో. ముందుగాల ఏ కాలు?"

పెట్టెల మధ్య ఉన్న కాస్త చోటులో ఎడమ కాలు ముందుకి జరిపాను.