తొలియింటి పడుగు

శరత్కాలప్రభాతమున ప్రాగ్దిశాముఖము కుంకుమచ్ఛాయ దాల్చుచుండగా, రాత్రిశేషతుషారబిందువులు తాటాకుచూరుల నుండి ఒక్కటొక్కటిగా జాఱుచుండగా, కనకపట్టణమందలి సాలెవీథి గంజివాసనతో మేలుకొనెను. ఎండ ముదురకమున్నే నేతగాండ్రు పడుగు నూలును వీథి పొడవున సాగదీసి గంజి పట్టించి కుంచెలతో దువ్వుట అచ్చటి నిత్యకృత్యము. ఆనాడు మాత్రము కుంచె పట్టినవాడొక్కడును లేడు. ఎల్లరును కూడలి యరుగు చుట్టును మూగియుండిరి.

కఱవువాత బడి పడమటిసీమ నుండి వలసవచ్చిన నేతగాండ్రను వెడలగొట్టవలయునా వలదా యనునదియే నాటి వాదము. వెడలగొట్టుటకు ఆ వీథినొక కట్టుబాటు కలదు. పరాయివాని పడుగును సభకు దెప్పించి, ఆ వీథిని మొట్టమొదట మగ్గము నాటిన తొలియింటివారు కత్తితో కోసిరేని వాడిక ఆ పట్టణమున మగ్గము నాటరాదు. తొలియింటి పడుగుపై మాత్రము ఎవ్వరును కత్తి పెట్టరాదు. ఆ యింట నిప్పుడు మిగిలినది వృద్ధురాలగు చౌడమాంబ యొక్కతెయే. కత్తి ఆమె యొడిలో నుండెను. వలసవారిలో మొట్టమొదట వచ్చిన బసవ్వ తన పడుగుచుట్టను పసిబిడ్డవలె ఱొమ్మున కదుముకొని యెదుట నిలిచియుండెను.

నూలిచ్చి కూలికి నేయించు వర్తకుడగు నాగిసెట్టి మీసము సవరించుకొనుచు "కడుపు చేతబట్టుకొని వచ్చినవారికి పని చూపుట తప్పా? వీరి రాకచే ఊరు కళకళలాడుచున్నది. రేవునకు బండ్లు నిండుగా పోవుచున్నవి" అనెను. పరదుఃఖమునకు కరగు హృదయము సెట్టికి ఆ యేడే మొలచినది కాబోలు.

"కళకళలాడునది మీ కొట్టు, మా పొయ్యి కాదు. వీరు సగము కూలికి నేసి మా నోటికాడి కూడు లాగుకొనుచున్నారు. గొడ్లపాకకు సైతము అద్దె పెరిగినది. అవ్వా, కోయుము" అని పొరుగింటి భావనయ్య గద్దించెను.

చౌడమాంబకు అతని మాట అబద్ధమని తోచలేదు. తన పొయ్యియు రాత్రిపూట రాజుట మానినది. బసవ్వను జూచినప్పుడెల్ల ఆమెకును ఒళ్లు మండుచునే యుండెను. కత్తి పట్టుకొని లేచి "సగము కూలి చాలునని యేల ఒప్పుకొంటివే?" అని యడిగెను.

"సగమని నాకేమి తెలియును తల్లీ? ఈ ఊరి కూలి యింతేయని సెట్టిగారు చెప్పిరి" అని బసవ్వ బదులిచ్చెను.

సభ యెల్ల సెట్టివైపు తిరిగెను. ఇన్నాళ్లును తాను మండిపడవలసినది ఎవరిమీదనో తెలిసి చౌడమాంబకు సిగ్గును, సిగ్గునకు మించిన కోపమును పుట్టెను. ఆమె కత్తిని అరుగుపై విసరివైచి ఇంటిలోనికిబోయి తన పడుగుచుట్టను దెచ్చి, బసవ్వ పడుగుకొసను లాగి, పోగులను పిడికెడు పిడికెడుగా జేర్చి రెంటిని ముడివేసెను.

"ఇది ఇప్పుడు తొలియింటి పడుగు. కోయగలవాడు ముందునకు రావలయును. సెట్టీ, రేపటినుండి ఈ వీథిలో పాతవారికైనను క్రొత్తవారికైనను పాతకూలియే. అది గిట్టదంటివా, నీ నూలు నీవే నేసికొనుము."

భావనయ్య మొగము తిప్పుకొని నిలిచెను. అంతలో స్త్రీలిద్దఱును చెఱియొక కొస పట్టి వీథి పొడవున పడుగును సాగదీయగా, నిడుపెక్కుడగుటచే నడుమ వ్రేలి అది దుమ్మునకు జేరువాయెను. పడుగు మట్టి గఱచుచుండగా జూచుచు నూరకుండుట సాలెపుట్టుక పుట్టినవానికి శక్యము కాదు. అతడు తిట్టుకొనుచునే వచ్చి దానిని రెండుచేతుల నెత్తి పట్టెను. అతని వెనుక మఱికొందఱు వచ్చిరి. ఎవరో కుంచె దెచ్చిరి. గంజికుండ వచ్చెను.

నాగిసెట్టి యిల్లు వీథి కొసనుండి కొసదాక సాగిన ఆ పడుగునకు ఆవలిప్రక్కను గలదు. పడుగు దించుడని యతడు కేకవేసెను గాని దించినవారు లేరు. ఎండ నడినెత్తి కెక్కువఱకు జూచి చూచి, తుదకు తలపాగ చేతబట్టుకొని, నడుము వంచి, ఆ పడుగు క్రిందుగా అతడు తన యిల్లు చేరెను.