మంచి నడవడి ఉన్నంతకాలం

పచ్చడికి తెచ్చిన పండుమిరపకాయల తొడిమలు తీస్తూ లహరి మర్నాటి పాఠం మనసులో చెప్పుకుంటోంది. నరసరావుపేట లా కాలేజీలో ఆమె పార్ట్‌టైం లెక్చరర్. పాఠం పందొమ్మిదో శతాబ్దపు అమెరికాలో ఒక ఫెడరల్ ట్రయల్ జడ్జి, అంటే కేంద్ర ప్రభుత్వపు కింది కోర్టు జడ్జి, ఉద్యోగ జీవితం. అధ్యక్షుడు నియమించాడు, సెనేట్ సరేనంది. అంతే, ఆ మహానుభావుడు బతికున్నంతకాలం గుర్రపుబండిలో ఊరూరా తిరిగి ఓడల తగాదాలూ దివాలా కేసులూ విన్నాడు. పెద్దమనుషులకు మింగుడుపడని తీర్పులిచ్చాడు. పై కోర్టు కొన్ని కొట్టేసింది గానీ కుర్చీ కదల్లేదు. అన్నేళ్లూ ఆయనకు అన్నం ఎవరు వండిపెట్టారో మాత్రం ఎవరూ రాయలేదు.

లహరి జూనియర్ సివిల్ జడ్జిగా ఎంపికైంది. సోమవారం శిక్షణలో చేరాలి. ఆ కబురు విన్నప్పటినుంచి ఇంట్లో ఎవరి ముఖమూ బాగాలేదు. భర్త సుధాకర్ వకీలు. "నన్ను కోర్టులో తోటి వకీళ్లు ఏమంటారో తెలుసా? జడ్జిగారి మొగుడంటారు. చేరనని రాసిచ్చెయ్" అన్నాడు. అత్తగారు విజయలక్ష్మి గొంతు పెంచకుండానే అంది: "ఏమే, బుద్ధిగా ఉన్నన్నాళ్లూ నీకీ ఇంట్లో ఏం లోటొచ్చింది? ఇప్పుడేంది ఈ ఊరేగుడు?" లహరికి ఒళ్లు మండింది. అయినా కూర కలిపి వడ్డించింది.

మర్నాడు క్లాసులో, ఆ అమెరికా జడ్జీలు 'మంచి నడవడి ఉన్నంతకాలం' పదవిలో ఉంటారని చెప్పింది. బొల్లాపల్లి నుంచి వచ్చే నాగవేణి లేచింది.

"మేడమ్, మంచి నడవడంటే ఏంది? పైవాళ్లు చెప్పినట్టు వినడమా?"

"కాదమ్మా. పైవాళ్లకు నచ్చని తీర్పిచ్చినంత మాత్రాన అది చెడునడవడి కాదు. ఆ సాకుతో తీసెయ్యడానికి లేదు."

ఆ మాట బోర్డు మీద రాస్తుంటే లహరికి తన ఇల్లు గుర్తొచ్చింది. నచ్చకపోవడానికీ చెడునడవడికీ తేడా ఇన్నేళ్లుగా పిల్లలకు చెబుతూనే ఉంది. ఇంట్లో మాత్రం ఎవరికి నచ్చకపోయినా తప్పు తనదేననుకుంది.

సాయంత్రం సుధాకర్ కాఫీ తాగుతూ అడిగాడు. "చేరనని రాసిచ్చేశావా?"

"లేదండీ. చేరతానని రాసిచ్చి వచ్చాను."

"మేం వద్దన్నాక కూడానా?" అంది విజయలక్ష్మి. "ఇదేనటే నీ బుద్ధి?"

లహరి ఆమెకు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. అత్తగారి ముందు అలా కూర్చోవడం ఇదే మొదలు.

"మీకు నచ్చని పని చేస్తున్నాను అత్తయ్యా. చెడ్డ పని చెయ్యట్లేదు."