తీగ మీద చెయ్యి

ఆ శనివారం వైరింగ్ వర్క్‌షాపులో కొత్తగా చేరడానికి వచ్చినావిడకు నలభై దాటి ఉంటాయి. యూనిఫారాలు కుట్టే కంపెనీలో పద్దెనిమిదేళ్లుగా మిషను తొక్కుతోంది. ఆమె ఇచ్చిన దరఖాస్తులో ఇంటిపేరు చదవగానే మాస్టారు తలెత్తి చూశారు. అవే కళ్లు.

"అవును మాస్టారూ, వాడి అక్కనే," అందామె.

వాడంటే తూనీగ. ఒకచోట కాలు నిలవదని తోటివాళ్లు పెట్టిన పేరు. ఇదే కోర్సు చదివి, పనిలో చేరిన నాలుగో నెలలో, ఒక గిడ్డంగిలో లైటు మారుస్తూ కరెంటు కొట్టి చనిపోయాడు. రెండేళ్లయింది. చేతిలో టెస్టరు ఉంది. అది చెడిపోయిందని వాడికి తెలియదు. వెలగలేదు కాబట్టి తీగలో కరెంటు లేదనుకున్నాడు.

"నీకెందుకమ్మా ఈ పని?" అన్నారు మాస్టారు.

"మా కంపెనీలో ఎలక్ట్రీషియన్ పోస్టు ఖాళీగా ఉంది. అదొకటి. రెండోది, వాడికి తెలియనిదేంటో నాకు తెలియాలి."

ఆయన సంతకం పెట్టారు.

వారంలో అయిదు రోజులు ఇంటి దగ్గర ఫోనులో పాఠాలు, ప్రశ్నలు. శనివారం వర్క్‌షాపు. కోర్సు మొదటినుంచీ అంతే. తూనీగ పోయాక మాత్రం మాస్టారు ఒక్కో పాఠాన్నీ ఏడెనిమిది మెట్లుగా విడగొట్టారు. ఫోనులో నూటికి నూరు వచ్చినా సరే, ఆ మెట్లన్నీ తన కళ్లెదుట చేతులతో చేసి చూపిస్తే తప్ప తర్వాతి పాఠం తెరుచుకోదు. కోర్సు సాగదీస్తున్నారని పైవాళ్లు సణిగారు. ఆయన చెవిన పెట్టలేదు.

అక్కకు చదువు ఆగిపోయి ఇరవై అయిదేళ్లు. పాఠాన్ని ఆపి, వెనక్కి జరిపి, మళ్లీ వినేది. సర్క్యూట్ బొమ్మలు మాత్రం ఎంతకీ తలకెక్కేవి కావు. పని నుంచి వచ్చే వేళకు మాస్టారే ఫోన్ చేసేవారు.

"ఈ గీతలకంటే చొక్కా కొలతలు నయం మాస్టారూ."

"చొక్కా అనే అనుకోమ్మా. కరెంటు ఒక చేతిలోంచి వచ్చి రెండో చేతిలోంచి పోవాలి. మధ్యలో స్విచ్చి బొత్తాం లాంటిది. విప్పితే దారి తెగిపోతుంది. ఇప్పుడు గీసి పంపు."

గీసి పంపేది. తప్పయితే ఆయన తప్పు చెప్పేవారు కాదు, ఎక్కడ చూడాలో చెప్పేవారు. మూడోసారికో నాలుగోసారికో ఆమే పట్టుకునేది. వర్క్‌షాపులో తీగ ఒలవడంలో, ముడి బిగించడంలో ఆమెకు సాటి లేరు. కుట్టుపనికి అలవాటుపడిన వేళ్లు.

తొమ్మిదో పాఠం దగ్గర ఆగిపోయింది.

మెయిన్ ఆపి, దానికి తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకోవాలి. టెస్టరును ముందు కరెంటున్న వేరే బోర్డులో పెట్టి వెలుగుతోందో లేదో చూడాలి. తర్వాత పనిచేయాల్సిన తీగ మీద పెట్టాలి. అక్కడ వెలగకపోతే మళ్లీ కరెంటున్న చోట పెట్టి, టెస్టరు బాగానే ఉందని తేల్చుకోవాలి. అప్పుడే తీగ ముట్టుకోవాలి. ఆమె అన్నీ పొల్లుపోకుండా చేసింది. చివరికి చెయ్యి తీగకు బెత్తెడు దూరంలో ఆగిపోయింది. ముందుకు పోలేదు.

"నా వల్ల కాదు."

"ఈరోజుకి ఇక్కడిదాకా చాలు," అని మాస్టారు తన అరచెయ్యి ఆ తీగ మీద పెట్టి, ఆమె చూస్తుండగా చాలాసేపు అలాగే ఉంచారు.

మరుసటి వారం ఆయన చేతి పక్కనే ఆమె ఒక వేలు ఆనించింది. ఆ తర్వాతి వారం ఆయన చెయ్యి తీసేసి పక్కన నిలబడ్డారు. నాలుగో వారం బల్ల అవతలి కొసకు వెళ్లారు. ఆమె ఒక్కతే తీగను గుప్పిట పట్టుకుంది. పట్టుకునే అడిగింది.

"ఈ మూడుసార్లు చూడటం మావాడికి చెప్పారా మాస్టారూ?"

వర్క్‌షాపులో మిగతావాళ్ల సుత్తి చప్పుళ్లు వినబడుతున్నాయి. ఆయన అటూ ఇటూ చూడలేదు.

"వీడియోలో చెప్పానమ్మా. ఒక్క వాక్యం. దాని మీద ప్రశ్న ఇస్తే సరిగ్గానే రాశాడు. ఇక్కడ మాత్రం చేయించలేదు. పన్నెండు మంది ఒక బోర్డు చుట్టూ మూగారు. ఇద్దరు చేశారు, మిగతావాళ్లు చూశారు. అందరికీ వచ్చినట్టే అని టిక్కు పెట్టేశాను."

ఆమె తీగ వదిలేసి, సంచీ తీసుకుని వెళ్లిపోయింది.

ఆ వారం ఫోన్ ఎత్తలేదు. శనివారం రాలేదు. ఆ మరుసటి శనివారమూ రాలేదు. మాస్టారు ఆమె బల్ల ఇంకెవరికీ ఇవ్వలేదు. మూడో శనివారం అందరికంటే ముందే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"మీరు బొంకుతారేమో అనుకున్నాను. బొంకి ఉంటే ఆ రోజే మానేసేదాన్ని. నిజం చెప్పారు. కానీ అది మింగుడుపడటానికి ఇన్నాళ్లు పట్టింది."

"నన్ను క్షమించమని అడగను తల్లీ."

"అడగొద్దు. ఇంకా నా వల్ల కావట్లేదు. పాఠం చెప్పండి."

చెప్పారు. ఆ నెలాఖరుకు ఆయన గది బయట వరండాలో నిలబడితే ఆమె లోపల ఒంటరిగా పని చేసేది. పరీక్ష రోజు ఆయన ఆ ప్రాంగణంలోనే లేరు, ఉండనని ముందే చెప్పారు. ఆమె నెగ్గింది. కంపెనీలో పోస్టూ వచ్చింది.

ఉద్యోగంలో చేరే ముందు రోజు మళ్లీ వర్క్‌షాపుకు వచ్చింది.

"ఆ తొమ్మిదో వీడియో మార్చాలి మాస్టారూ. ఒక్క వాక్యం సరిపోదు. చేతులు నావి పెట్టండి, మాట మీది."

ఫోను స్టాండు మీద నిలబెట్టారు. ఆమె మెయిన్ ఆపి, తాళం వేసి, టెస్టరు ఎత్తింది. మొదట కరెంటున్న చోట, తర్వాత తీగ మీద, మళ్లీ కరెంటున్న చోట. చివరికి తీగను చేత్తో పట్టుకుంది. ఆయన ఒక్కోటీ చెబుతూ వచ్చారు. ఇది ఎందుకు చేయాలో చెప్పే చోట ఆయన వాక్యం మధ్యలో ఆపేశారు. రెండోసారీ అంతే అయింది. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు.

ఆమె తీగ మీద చెయ్యి తీయలేదు.

"మెల్లగానే చెప్పండి మాస్టారూ. నేను పట్టుకునే ఉంటాను."