చివరి రెండంకెలు

గుడివాడలో రొయ్యల మేత అమ్మే కంపెనీలో ప్రేమది తొమ్మిదేళ్ల సర్వీసు. రైతుల వివరాలుండే ప్రోగ్రాం ఆమె ఒక్కతే రాసింది. కంప్యూటర్ మొరాయిస్తే బందరు బ్రాంచివాళ్లు కూడా "ప్రేమగారిని అడగండి" అనేవాళ్లు. ఆ మాట వినపడని రోజు ఆమెకి వెలితిగా ఉండేది.

2006లో యజమాని సాంబశివరావుగారు హైదరాబాదు నుంచి కృష్ణచైతన్య అనే ప్రోగ్రామర్ని పిలిపించారు. గుడివాడ, బందరు, అవనిగడ్డ ఆఫీసుల్లో మూడు రకాల ప్రోగ్రాములు, ఒకదానితో ఒకటి మాట్లాడవు. వాటిని కలపడం అతని పని. తనది అవతల పారేస్తాడనుకుని ప్రేమ పోట్లాటకి సిద్ధపడింది.

"ఏదీ తియ్యక్కర్లేదండీ," అన్నాడతను. "రైతు ఎవరో మీ ప్రోగ్రాం చెప్తుంది. సరుకుందో లేదో బందరుది చెప్తుంది. మిగతావి అడిగి తెలుసుకుంటాయి. అడిగే పద్ధతొకటి మధ్యలో పెడితే చాలు."

ఇంత తేలికైన మాట తొమ్మిదేళ్లలో తనకెందుకు తట్టలేదని ఆమె కడుపు రగిలిపోయింది. సాంబశివరావుగారు అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని భోంచేస్తుంటే ఆమె తన క్యారేజీ మూసేసి లేచిపోయింది.

"మీ ప్రోగ్రాం రైతుకిచ్చే నంబరు గురించి ఇంకేమైనా తెలియాలా అండీ?" అని అడిగాడు కృష్ణచైతన్య ఒకరోజు.

"ఏం లేదండీ," అంది. అందులో చివరి రెండంకెలు రైతువి కావు, చెరువువి; ఎన్ని చెరువులుంటే ఆ రైతుకి అన్ని నంబర్లు. ఆ సంగతి మింగేసింది.

యజమాని ముందు నడిపి చూపించిన రోజున, మూడు చెరువులున్న నందివాడ రైతు కోటిలింగం తెర మీద ముగ్గురు మనుషులుగా వచ్చాడు.

"ఇదేంటయ్యా, ఒక్క మనిషిని ముగ్గుర్ని చేశావు," అన్నారు సాంబశివరావుగారు.

ప్రేమ ప్రాణం చల్లబడింది.

"నాదే పొరపాటండీ," అన్నాడు కృష్ణచైతన్య. "ప్రేమగారి ప్రోగ్రాం సరిగ్గానే ఉంది. నాకే అర్థం కాలేదు."

తెలివిలో మించింది చాలక మంచితనంలోనూ మించాలా? మంట రెట్టింపైంది. ఆ మంటలోనే సిగ్గూ తగిలింది. మధ్యాహ్నం అతని బల్ల దగ్గరికి వెళ్లింది.

"చివరి రెండంకెలు చెరువువండీ. మీరడిగినప్పుడు కావాలనే చెప్పలేదు."

"నా ఉద్యోగం పోయేది," అన్నాడతను.

"తెలుసు." అక్కణ్ణించి తిన్నగా యజమాని గదికెళ్లి ఆయనకీ చెప్పింది. ఆయన తిట్టలేదు, కూర్చోమనీ అనలేదు.

పది రోజులకి మూడు ఆఫీసులూ కలిశాయి. ఆ రోజంతా బందరు నుంచి ఆమెకి ఒక్క ఫోనూ రాలేదు. మెప్పంతా అతనికే పోయింది. సాయంత్రం ప్రేమ కుర్చీ లాక్కుని అతని పక్కన కూర్చుంది.

"ఆ మధ్యలోది ఎలా రాశారో నాక్కూడా చూపించండి."

అతను నవ్వలేదు. కీబోర్డు మాత్రం ఆమె వైపు జరిపాడు.